ఎత్తుకునే అమ్మమ్మ చెయ్యి

ఆ పళ్ళ ఆసుపత్రిలో ఆయాగా ఆమె పని ఒక్కటే. తల్లి చేతుల్లోంచి బిడ్డను అందుకుని ఆపరేషన్ గదికి చేర్చాలి. కుర్చీలో కుదురుగా నోరు తెరవని పిల్లలకు అక్కడ మత్తిచ్చి, పుచ్చిన పళ్ళన్నీ ఒకే విడతలో బాగుచేస్తారు. పద్దెనిమిదేళ్ళలో ఆమె చంకెక్కని పిల్ల లేదు. ఎత్తుకునే అమ్మమ్మ అనేవారంతా. "పళ్ళన్నీ చాక్లెట్లకి అద్దెకిచ్చావా?" అని నవ్వించి, "కాసేపు బజ్జో, లేచేసరికి అయిపోతుంది" అనేది.

ఒకరోజు ఆరేళ్ళ పాపను తండ్రి తీసుకొచ్చాడు. బస్సు డ్రైవరు. పాపకి తొమ్మిది పళ్ళు పుచ్చి, దవడ వాచింది. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళయినా మత్తు కోసం ఇవ్వలేదు, పాప నీరసంగా ఆమె భుజం మీద వాలింది. వసారాలో నడుస్తూ ఆమె అలవాటుగా ఆ "బజ్జో" మాటే అంది.

పాప తలెత్తింది. "మా అమ్మకీ అలాగే చెప్పారు. కడుపులో గడ్డ తీస్తామన్నారు. పడుకుంది. లేవలేదు."

ఆమె ఆగింది. వెనక్కి చూస్తే తండ్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె వెళ్ళి చెబితే మత్తు డాక్టరు విని, వాయిదా వేద్దామా అని అడిగాడు.

"ముద్ద నమల్లేక చిక్కిపోతోంది సార్. కానివ్వండి" అన్నాడు తండ్రి.

పాప ఆమె చీర కొంగు పట్టుకుంది. "నువ్వుంటావా?"

"ఉంటాను తల్లీ. చెయ్యి వదల్ను."

బల్లమీద పడుకోబెట్టగానే ఆయాలు బయటికి వచ్చేయాలి. ఆ రోజు డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ముక్కుకు మాస్కు పెట్టాక పాప బిగిసిన వేళ్ళు మెల్లగా వదులయ్యాయి. ఆకుపచ్చ గుడ్డ కింద ఆ చిన్న చేతిని పట్టుకుని, మోకాళ్ళు పట్టేసినా ఆమె రెండు గంటలు కదల్లేదు. నాలుగు పళ్ళు పీకారు, మిగతావి బాగుచేశారు.

పాప కళ్ళు తెరిచి ముందు తన చెయ్యి చూసుకుంది. "వదల్లేదా?"

"వదల్లేదమ్మా."

పాప వాచిన పెదాలతో అడిగింది: "మరి మా అమ్మ చెయ్యి ఎవరూ పట్టుకోలేదా?"

తండ్రి పాపను ఎత్తుకుని వెళ్తుంటే ఆమె గుమ్మం దాకా కూడా రాలేకపోయింది.

వారం తిరక్కుండా పెద్ద నర్సును అడిగి దుప్పట్ల గదికి మారిపోయింది. మోకాళ్ళ నొప్పులని చెప్పింది. ఉద్యోగం అయిపోయేదాకా అక్కడే దుప్పట్లు మడతపెట్టింది. వసారాలో పిల్లల ఏడుపు వినబడితే లేచి తలుపు వేసేది.