చర్చి మెట్ల మీద నాయన బూట్లు

ఇవాళ చర్చిలో మళ్లీ జాతీయగీతం పాడారు. నేను లేచి బయటికి నడిచాను.

మన స్ప్రింగ్‌ఫీల్డ్ రేకుల చర్చి గుర్తుందా, ముసలోళ్లారా? కింద చాపలు, నేలకు రాసిన ఎర్ర పాలిష్ వాసన, గుమ్మం బయట మనందరి చెప్పుల కుప్ప? మన తాతలు ఓడెక్కి వచ్చిన ఈ దేశంలో తెల్లోళ్లకే ఓటున్న రోజులవి. తెల్లదొర పాస్టరు వచ్చిన ఆదివారాల్లో వాళ్ల ప్రభుత్వం పాట పాడించేవాడు. మా నాయన బయటికెళ్లి, బూట్లు తొడుక్కుని, చర్చికి వీపు తిప్పి మెట్టు మీద కూర్చునేవాడు. పాటయ్యాక బూట్లు విప్పి లోపలికొచ్చేవాడు. నాకు సిగ్గేసేది.

తర్వాత, అన్ని రంగులవాళ్లం కలిసి మొదటిసారి ఓటేసిన ఏడు, కొత్త గీతం పాడితే చర్చంతా ఏడ్చింది. ముసలి నాయన మళ్లీ బయటికే నడిచాడు. నేను వెంటపడ్డాను.

“నాయనా, ఇప్పుడిది మన పాట! పరువు తీయకు, కమ్ ఇన్‌సైడ్!”

“మనదేరా. అందుకే చూడు, కూర్చోలేదు, నిలబడ్డా. చెప్పులిప్పేది దేవుడికి. దేశానికి బూట్లేసుకుని బయట నిలబడాల.”

నిలబడి పాడాడు కూడా, గొంతు బొంగురుపోయేలా.

ఇవాళ నా వెంట ఎవరూ రాలేదు. మోకాళ్లు వంగక, ఒక బూటు తొడిగేసరికే లోపల పాట అయిపోయింది. అయినా రెండోది కూడా తొడుక్కుని, లేచి నిలబడ్డాను.