కూయని కారు

మా ఆయన పోయిన మరుసటి ఏడాది, మార్టూరు దగ్గర మా మరిది కళ్లంలో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లాను. ఘాటుకు ముక్కూ చెవులూ కలిపి గుడ్డ చుట్టుకుని, రాశికి ఆనుకుని కింద కూర్చున్నాను. మరిది అప్పుడే కారు కొన్నాడు. వెనక ఏదైనా అడ్డముంటే కూసే మిషను దానికి ఉందని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ రోజు అది కూయలేదని తిరిగి చూడకుండా కారు వెనక్కి తోలాడు. నాకు చప్పుడు వినపడలేదు. చక్రం నా కొంగు మీదికెక్కి నన్ను వెల్లకిలా పడేసింది. తోటి ఆడవాళ్లు డిక్కీ మీద బాదితే ఆపాడు. టైరు నా చెవికి బెత్తెడు దూరంలో ఉంది.

దిగి, ముందు కారునే తడిమి చూసుకున్నాడు.

“అది కూయలేదు వదినా, నేనేం చేసేది? కింద కూర్చుంటే దానికి కనపడదేమో.”

“నీ కళ్లు దానికి అమ్ముకున్నావా? మెడ తిప్పితే అరిగిపోద్దా?”

“అరవబాక. ఏం కాలేదుగా.”

కొంగు లాక్కుని లేచాను. “అయితే నా చోట నువ్వు కూర్చో. నీ కొడుకుని కారు వెనక్కి తోలమను. అది కూసినప్పుడు లేద్దువుగాని.”

కూలోళ్లంతా చూస్తున్నారు. వాడు కూర్చోలేదు.

తన ప్రాణం దగ్గరికి వచ్చేసరికి వాడికి ఆ మిషను మీద నమ్మకం లేదు. నా ప్రాణానికి మాత్రం అది చాలనుకున్నాడు. ఇన్నేళ్లయినా నేను మరిచిపోనిది అదే.