ఏడ్చే పెట్టె

నంద్యాలలో హార్మోనియంలు బాగుచేసే అంగట్లో పనాయన మా నాయన పెట్టె మూత తీయగానే పాత తోలు వాసన గుప్పుమంది.

"ఈ బెజ్జం ఏందక్కా? పూడ్చమంటావా?" అన్నాడు పనాయన.

"వద్దప్పా," అన్నా.

ఒకప్పుడు ఆ బెజ్జంలో చెక్క బుడిపె ఉండేది. దాన్ని లాగి తిత్తి కొడితే అచ్చం పసిబిడ్డ ఏడ్చినట్టే వినపడేది. ఆళ్లగడ్డలో మా చర్చి క్రిస్మస్ నాటకంలో బాలయేసు పుట్టగానే నాయన దాన్ని లాగేవాడు.

ఒక ఏడు క్రిస్మస్‌కు కొంచెం ముందు మా చెల్లెలు పుట్టి, పురిట్లోనే పోయింది. "పాప యాడుంది?" అని అడిగితే, "పెట్టెలో పెట్టినారు," అనింది అవ్వ. మా ఇంట్లో పెట్టె అంటే నాయన హార్మోనియమే.

పండగనాడు నాటకం మానలేదు. నాయన తల వంచుకుని బుడిపె లాగినాడు. ఏడుపు వినపడగానే నేను ఇంటికి ఉరికినా.

"అమ్మా, పాప నాయన పెట్టెలో ఏడుస్తాంది! బేగా రా!"

నాయన పెట్టె ఎత్తుకుని ఇంటికొచ్చి, సంగతి విని, పటకారుతో ఆ బుడిపె పీకబోయినాడు. మంచంలో ఉన్న అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి ఏడిపించు. మళ్ల పీకుదువులే."

నాయన తిత్తి కొట్టినాడు. అమ్మ పెట్టెకు చెవి ఆనించి విన్నింది. ఆమె రవిక ముందంతా తడిసిపోయింది. కన్నీళ్లనుకున్నా.

నాకు బిడ్డ పుట్టినాక తెలిసింది, అవి పాలని.