సెట్ అనే మాటకు హానా థర్లవే రాసిన చీటీలు

మరణ విచారణ రోజున హానా థర్లవే చెప్పింది ఒక్క వాక్యం. "తాడు తెగింది, సెట్ వెనక్కొచ్చి మా ఆయన మీద పడింది." గుమాస్తా కాగితం మీద రాసింది మరొకటి: "మృతుడు బొగ్గు బండ్ల వరస మీద ప్రయాణించుచుండగా తాడు తెగి మరణించెను." చదివి వినిపించినప్పుడు ఆమె ఊరుకోలేదు. "వరస కాదు సార్, సెట్" అంది. "రెండూ ఒకటేనమ్మా" అని అతను కలం మూత పెట్టేశాడు.

ఒకటి కాదు. మా ఎల్వన్ లా గనిలో ఏటవాలు దారిలో తాడు కట్టి లాగే ఇరవై టబ్బుల్ని, అంటే చక్రాల బొగ్గు తొట్లని, కలిపి సెట్ అంటాం. దాని చివర కూర్చుని కిందికీ పైకీ వెళ్లేవాడు సెట్ రైడర్. ఎక్కి వెళ్లడమే వాడి పని. జోస్ థర్లవే పదకొండేళ్లు ఆ పని చేశాడు. కానీ కంపెనీ పుస్తకంలో అతని పేరు పక్కన 'తాళ్ల కూలీ' అని ఉంది. బొగ్గు బండ్ల మీద ఎవరూ ఎక్కకూడదని కంపెనీ నిబంధన కూడా ఉంది. గుమాస్తా కాగితాన్ని తెచ్చి ఈ రెంటి పక్కన పెట్టేసరికి, జోస్ నిబంధన మీరి చచ్చినవాడయ్యాడు. అలా చచ్చినవాడి భార్యకు కంపెనీ ఇల్లు ఉంచదు. పద్నాలుగు రోజుల్లో ఖాళీ చెయ్యమన్నారు. 1903 నవంబరు అది. నేను అప్పటికి పుట్టలేదు.

గని కార్మికుల పఠనాలయంలో నేల కడగడానికి మనిషి కావలసి వచ్చింది. జీతం తక్కువ, వెనకాల ఒక గది ఇచ్చారు. హానా అందులో చేరింది. పొయ్యి రాజేసేందుకు పాత పత్రికలు చింపుతుంటే ఒక ప్రకటన కనబడిందట. దేశానికి దక్షిణాన ఎవరో పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తయారు చేస్తున్నారు, పుస్తకాలు చదివి మాటలు పంపేవాళ్లు కావాలి. పద్ధతి సులువు. అరచేయంత చీటీ, పైన ఎడమ మూల మాట, కింద తేదీ, పుస్తకం పేరు, పుట. ఆ కింద ఆ మాట వచ్చిన వాక్యం, కామా కూడా మార్చకుండా. నోటి మాట పనికిరాదు, అచ్చయినదే కావాలి.

ఆమె ఇంకే మాట జోలికీ పోలేదు. సెట్ ఒక్కటే పట్టుకుంది. ఎంత పెద్ద పని నెత్తికెత్తుకుందో అప్పుడు తెలియలేదు. సూర్యుడు అస్తమించినా సెట్టే. విరిగిన ఎముకని సరిచేసి కట్టినా సెట్టే. పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టడం, ఉచ్చు పన్నడం, బల్ల మీద పళ్లేలు సర్దడం, కత్తికి పదును పెట్టడం, గచ్చు గట్టిపడటం, ఉల్లినారు నాటడం, కుక్కని మనిషి మీదికి ఉసిగొల్పడం, అచ్చాఫీసులో అక్షరాలు పేర్చడం, అన్నీ ఆ ఒక్క మాటే. పదేళ్లలో ఆరువందలకు పైగా చీటీలు పంపింది. ప్రతి కట్టకీ ఒక కార్డు వచ్చేది, అందిందని.

బట్టలుతికే చోట ఆడవాళ్లు ఆమెని వదిలేవాళ్లు కాదు.

"ఏమే హానా, రాత్రి నా జెల్లీ గట్టిపడలేదు. అది కూడా రాసుకుంటావా?" అనేది పక్కింటి డాలీ సర్టీస్.

"నువ్వు చేసిన జెల్లీ ఏనాడు గట్టిపడింది గనక? అచ్చులో ఎక్కడన్నా ఉంటే పట్రా, రాసుకుంటా."

"నా మొగుడు రోజూ తాగొచ్చి నా మీద పడతాడు కదా, దానికీ అదే మాటేగా? పంపు, పెద్దమనుషులు చదువుకుంటారు."

నవ్వులు. హానా కూడా నవ్వేది. గదిలోకొచ్చి ఆ మాటని చీటీ మీద రాసేది, డాలీ పేరుతో సహా. పంపడానికి పనికిరాని చీటీలు అలాంటివి. వాటిని జోస్ గనికి తిండి పట్టుకెళ్లిన రేకు డబ్బాలో దాచేది.

1913లో ఆ సంపుటం అచ్చయి పఠనాలయానికి వచ్చింది. పద్దెనిమిది పుటలు ఆ ఒక్క మాటకే, నూట నలభై అర్థాలు. ఆమె నిలబడే మొత్తం చదివిందని మా నాన్న చెప్పేవాడు. టబ్బుల సెట్ మాత్రం లేదు. ఉత్తరం రాసింది. జవాబు మర్యాదగానే వచ్చింది: అచ్చు సాక్ష్యం దొరకలేదు, అయినా ఆ అర్థానికి వరస, రైలు, గొలుసు వంటి మాటలు ఉన్నాయి గదా. చాలా ఏళ్ల తర్వాత ఆ ఉత్తరం నాకు చూపించినప్పుడు ఆమె అన్న మాట నేను మరచిపోలేదు.

"రైలుకి ఇంజన్ ఉంటుందిరా మ్యాటీ. లోపల నడిపేవాడు ఉంటాడు. సెట్‌కి తాడొక్కటే. అది తెగితే ఇంకెవడూ ఉండడు."

నేను ఆమెకి దగ్గరయింది గని మూతబడ్డాక. ఇరవై ఒకటో ఏట పనీ పాటా లేకుండా తిరుగుతూ చలికి పఠనాలయంలో చేరాను. మొదటిరోజే, "చేతులు కడుక్కునిరా, పుస్తకాలకి నీ మసి అంటించకు" అంది. "గని మూసేసి ఏడాదయింది అత్తా, మసెక్కడిది?" అన్నాను. "నీకు తెలీకుండా ఉంటుంది, కడుగు" అంది. ఊళ్లో అందరం ఆమెని అత్త అనేవాళ్లం. నేను చదివిందంతా ఆ గదిలోనే, ఆమె చీపురు నా కాళ్లకి తగులుతుంటే.

1932 జనవరిలో నిఘంటువు వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. అనుబంధ సంపుటం వేస్తున్నారట. మార్చి నెలాఖరులోగా మీ అర్థానికి ఒక్కటంటే ఒక్క అచ్చు ఉదాహరణ పంపితే చేరుస్తామన్నారు. ఆమే నాకు చదివి వినిపించింది. అప్పటికే దగ్గు పట్టుకుంది, ఎముకల గూడులా ఉండేది. అది పుస్తకంలోకి ఎక్కినంత మాత్రాన జోస్ నేరస్తుడు కాదని ఏ కోర్టూ చెప్పదు. అయినా ఒకచోట అచ్చులో ఉంటుంది, సెట్ అంటే ఇదీ, దాని మీద ఎక్కడం ఒక మనిషి పనీ అని. ఆమెకి కావలసింది అంతే.

రెండు నెలలు వెతికాం. తనిఖీ అధికారుల నివేదికలు, సంఘం కరపత్రాలు, ముప్పై ఏళ్ల వారపత్రికలు. అన్నిచోట్లా బండ్లు, వరసలు, రైళ్లు. గనిలోకి దిగినవాడు అచ్చు వెయ్యడు, అచ్చు వేసేవాడు గనిలోకి దిగడు. ఆమె చీటీలు ఖాళీగా మిగిలేకొద్దీ నాకు ఒళ్లు మండిపోయేది.

మార్చి మొదట్లో నేనొక పని చేశాను. మా వారపత్రికకి ఉత్తరం రాశాను. ఎనభై ఏళ్ల ముసలి గనికూలీనని, పాత రోజుల్లో సెట్ రైడర్లు సెట్ మీద ఎలా వెళ్లేవాళ్లో చెబుతున్నానని, కింద లేని పేరు ఒకటి పెట్టాను. వేశారు. కత్తిరించుకుని పరుగెత్తాను.

ఆమె దీపం దగ్గరకి తీసుకుని రెండుసార్లు చదివింది.

"ఎవరీ ముసలాయన? నేనెరగని ముసలాళ్లు ఈ ఊళ్లో లేరే."

నేను దీపం వత్తి పెంచాను.

"నువ్వేనా?"

"అచ్చయింది కదత్తా! తేదీ ఉంది, పుట ఉంది. చీటీ రాసి పంపెయ్. వాళ్లకేం తెలుస్తుంది?"

"వాళ్లకి తెలీదు. నాకు తెలుసుగా." ముక్క మడిచి నా చేతిలో పెట్టింది. "ఆ గుమాస్తా ఎవరూ అనని మాట రాశాడు. నువ్వూ అదే చేశావు."

"వాడూ నేనూ ఒకటేనా? వాడు నీ ఇల్లు ఊడబీకాడు! నేను నీ కోసం..."

"అరవకు. లోపల మనుషులు చదువుకుంటున్నారు."

"చదువుకోనీ! ముప్పై ఏళ్లు నేల కడిగావు, వాళ్లకి ఊడిగం చేశావు, ఒక్క వాక్యం అడిగితే రైలు అను, గొలుసు అను అన్నారు. వాళ్లతో నిజాయితీ ఏంటి నీకు?"

"వాళ్లతో కాదురా" అంది. చీపురు తీసుకుంది.

ఆ కోపంలో ఎనిమిది నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. మార్చి దాటిపోయింది. అనుబంధం ఆమె మాట లేకుండానే అచ్చుకి పోయింది. అది బయటికొచ్చేదాకా ఆమె ఉండలేదు, చూడాల్సిన అవసరం రాలేదు.

నవంబరులో డాలీ సర్టీస్ నన్ను రోడ్డు మీద పట్టుకుంది. "హానాని బీదల ఆసుపత్రిలో పడేశారు. నీ కోపం ఇంకా చల్లారలేదేంట్రా, దొరబాబూ?" అంది. అదే రోజు వెళ్లాను. ముప్పై మంచాల గది, కార్బాలిక్ మందు వాసన. హానా తల దగ్గర రేకు డబ్బా ఉంది. కాసేపు ఊపిరి కోసమే తంటాలు పడింది.

"ఖాళీ చీటీ ఉందా నీ దగ్గర?" అంది చివరికి.

డబ్బాలోనే ఉన్నాయి. ఒకటి తీశాను. ఎడమ మూల మాట రాసి ఆగాను.

"రాయి. తాడు తెగింది, సెట్ వెనక్కొచ్చి మా ఆయన మీద పడింది."

రాశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు, కామా కూడా మార్చకుండా. కింద ఆమె పేరు రాశాను. చీటీ అందిస్తే కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది, తిరిగి ఇచ్చేసింది.

"తేదీ వెయ్యలేదే నువ్వు" అంది. "తేదీ లేకపోతే తీసుకోరు నాయనా."