సబ్‌వూఫర్ బాగుచేసినాయన

కరోనా రోజుల్లో ఒక మధ్యాహ్నం, సూరత్‌లో ఇచ్ఛాపూర్ రోడ్డు మీద వెళ్తుంటే నా కారు డిక్కీలోంచి కమురు వాసన వచ్చింది. ఆపి చూస్తే పాటల దరువు కోసం పెట్టించిన పెద్ద స్పీకరు, సబ్‌వూఫర్, కాలిపోతోంది. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, బస్సు కోసం నిలబడ్డ ఒకాయన దగ్గరికొచ్చాడు.

“జర జూడనియ్యిండ్రి సార్. లాక్‌డౌన్‌కు ముందు గివే రిపేరు జేసేటోన్ని.”

వైరు పీకబోతే ఆయన వేలు చుర్రున కాలింది. అయినా పీకి, యాంప్లిఫయర్‌లో చివరికంటా తిప్పి ఉన్న గెయిన్ మీటను, అంటే మోత పెంచేదాన్ని, తగ్గించాడు. “గింతగనం పెంచితే కాయిల్ మాడిపోతది. సల్లారినంక వైరు పెట్టుండ్రి.”

థాంక్స్ కూడా చెప్పకుండా, ఆయన ముట్టుకున్న చోటల్లా ఆయన ముందే శానిటైజర్ కొట్టి తుడిచాను.

ఆయన రెండడుగులు వెనక్కి జరిగి మాస్కు పైకి లాక్కున్నాడు. “మంచిగ తుడువుండ్రి సార్, ఇంట్ల పిల్లలుంటరు.”

తలెత్తలేకపోయాను. బొబ్బెక్కుతున్న ఆయన వేలి సంగతి అడగనే లేదు.