గురువారం ఎదురుగాలి

పోయిన వారం మా అమ్మాయి ఫోన్ చేసి, అమ్మా, నీ గుండె ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు, వచ్చే గురువారం పొద్దున్నే, అని చెప్పింది. స్పీకర్‌లో ఉంది కాబట్టి పక్కన కూర్చుని కాఫీ తాగుతున్న మా వారు కూడా విన్నారు. డాక్టరెవరు, ఎన్ని గంటలు పడుతుంది, ఎన్నాళ్ళు ఉంచుతారు, ఇవేవీ అడగలేదు ఆ మహానుభావుడు. ఆ హాస్పిటల్ మనింటికి ఏ వైపు అని అడిగారు. పిల్ల నవ్వేసి, వైపుతో పనేంటి నాన్నా, జీపీఎస్ తీసుకెళ్తుంది, డ్రైవ్ చేసేది నేనే కదా అంది. ఆయన కప్పు కింద పెట్టి, కిటికీ అవతల మంచుకేసి చూసి, దక్షిణం, అని తనలో తనే గొణుక్కుని ఊరుకున్నారు.

ఆ ఊరుకోవడం నాకు తెలుసు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మౌనాలు చాలా రకాలు చూశాను గానీ, ఈ రకం మాత్రం ఇంతకు ముందు ఒక్కసారే చూశాను, ఎనభైలో, కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డున, సైకిలు మీద. రేపే ఆ గురువారం. చేతులు ఖాళీగా ఉంటే మనసు చెప్పిన మాట వినడం లేదు, అందుకని బ్యాగ్ సర్దేసి హాల్లో పెట్టి, ఇలా రాయడానికి కూర్చున్నాను.

మీలో చాలామంది నాలాగే ఆ రోజుల్లో పెళ్ళయి, మొహమైనా సరిగ్గా చూడని మనిషి వెనకాల విమానం దిగినవాళ్ళే కాబట్టి, కొత్తగా చెప్పక్కర్లేదు. మా వారు అప్పుడు మాంటెరే దగ్గర ఒక యూనివర్సిటీలో ఫిజిక్స్‌లో రీసెర్చ్ చేస్తుండేవారు. శనివారాలు తెలుగువాళ్ళమంతా ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లో చేరితే ఈయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. రాహుకాలమన్నా, వర్జ్యమన్నా పడీ పడీ నవ్వేవారు, పంచాంగం చూసి విమానం టికెట్ బుక్ చేసుకున్న వాడొకడు దొరికితే ఆ పూటంతా వాడికి మూడినట్టే. అదే మనిషి ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే నాతో మాట్లాడడానికి మాటలుండేవి కావు. అన్నం పెట్టనా అంటే ఊఁ, చాలా అంటే ఊఁ. వేడిగా పెట్టినా ఊఁ, చల్లగా పెట్టినా ఊఁ. భీమవరంలో పదిమంది మధ్య గలగల్లాడుతూ పెరిగినదాన్ని, నాకు ఊపిరాడేది కాదు. నన్ను ఇష్టం లేకుండా చేసుకున్నారేమో, వాళ్ళమ్మ బలవంతం మీద తల వంచారేమో అని రోజూ ఏడుపొచ్చేది. రెండుసార్లు మా నాన్నకి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తి మళ్ళీ పెట్టేశాను.

ఆ ఎండాకాలం ఆయనా, ఆయన స్నేహితుడూ కలిసి బిగ్ సర్ కొండల వెంట సైకిళ్ళ మీద వెళ్ళాలని చాలా రోజులుగా అనుకుంటున్నారు. ఆయన ప్రొఫెసరు ఇటలీ దేశస్థుడు. ఈ తీరం అచ్చం మా మధ్యధరా సముద్రపు ఒడ్డులాగే ఉంటుంది, అవే రాతి కొండలు, అదే ఎండ, కిందికి చూస్తే అదే నీలం, మా ఊరికి పోలేనప్పుడు నేను అక్కడికే పోతాను అని ఊరించేవాడట. తీరా సమయానికి స్నేహితుడికి లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగం వచ్చి రాలేనన్నాడు. నేను వస్తానండీ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, సైకిలు తొక్కడం వచ్చా అన్నారు. ఒళ్ళు మండిపోయింది. కాలవ గట్టు మీద, వెనక క్యారియర్ మీద చెల్లెల్ని ఎక్కించుకుని కాలేజీకి వెళ్ళినదాన్ని! పెళ్ళయి ఇన్నాళ్ళయినా ఆ సంగతి ఆయన అడగనూ లేదు, నేను చెప్పనూ లేదు. అప్పుడే మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాను. ఈ ప్రయాణంలో కూడా ఈయన ఇలాగే ఉంటే, తిరిగొచ్చిన మర్నాడే నాన్నకి ఫోన్ చేసి ఇంటికి వెళ్ళిపోతాను, లోకులు ఏమనుకున్నా సరే అని.

అందరూ చేసేట్టే మేమూ గురువారం పొద్దున ఇంటి దగ్గర మొదలుపెట్టి, ఒడ్డు వెంబడే దక్షిణంగా తొక్కుకుంటూ వెళ్ళి, బస్సులో తిరిగి రావాలని మొదట అనుకున్నాం. బయలుదేరేముందు ఈయన ప్లాను తిరగేశారు. స్నేహితుడు బుధవారం సామాను వ్యాన్‌లో వేసుకుని లాస్ ఏంజెలెస్‌కి మారుతున్నాడు, దారిలో కేంబ్రియా అనే ఊళ్ళో మనల్నీ సైకిళ్ళనీ దింపుతాడు, గురువారం అక్కణ్ణుంచి ఉత్తరంగా ఇంటికి తొక్కుకొద్దాం, బస్సులో సైకిళ్ళు ఎక్కించే తలనొప్పి ఉండదు, పైగా ఇటు వస్తే మనం కొండ పక్కన ఉంటాం, లోయ పక్కన కాదు, అని లెక్చరు ఇచ్చినట్టు చెప్పారు. నిజమే కదా అనుకున్నాను. గాలి సంగతి నాకేం తెలుసు?

గురువారం తెల్లారి పొగమంచులో బయలుదేరాం. ఆయన ప్యాంటే కాళ్ళ దగ్గర మడిచి, నడుముకి లంగా బొందు బిగించి కట్టుకున్నాను. సంచిలో పులిహోర. పదింటికల్లా మంచు విడిపోయి, సముద్రం ఒక్కసారిగా బయటపడితే, అమ్మయ్యో, ఆ నీలం చూసి బ్రేకు వేసి నిలబడిపోయాను. ఎండకి పండిపోయి బంగారు రంగు తిరిగిన గడ్డి కొండలు నిటారుగా వచ్చి నీళ్ళలో దిగుతున్నాయి, ఆ కొండ నడుముకి అంటిపెట్టుకుని సన్నటి రోడ్డు. మా గోదావరి జిల్లా పిల్లకి కొండే వింత, ఇక కొండా సముద్రమూ ఒకదానిమీద ఒకటి పడడమంటే చెప్పాలా! అంత సంతోషంలోనూ ఆ మాట చెప్పుకుందామంటే పక్కన మనిషి ఊఁ కొట్టే మనిషాయె.

గాలి ఆ తర్వాత మొదలైంది. ఉత్తరం నుంచి తిన్నగా మొహం మీదికి. ఎత్తు ఎక్కేటప్పుడు సరే, దిగేటప్పుడైనా సైకిలు తనంతట తను పోవాలా, అదీ లేదు, దిగుడులో కూడా తొక్కితేనే కదిలేది. కళ్ళల్లో నీళ్ళు, చెవుల్లో హోరు, కొంగు లేదు గనక సరిపోయింది. ఎదురుగా మాత్రం సైకిళ్ళవాళ్ళు గుంపులు గుంపులుగా హాయిగా నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళ వీపున గాలి. మమ్మల్ని చూసి చెయ్యి ఊపేవాళ్ళు, ఆ ఊపడంలో జాలి ఉందని మర్నాటికి గానీ నాకు అర్థం కాలేదు. మర్నాడు నీళ్ళు పట్టుకుంటున్న చోట ఒక ముసలి అమెరికన్ దంపతులు ఆగి, ఎటు వెళ్తున్నారమ్మా అని అడిగారు. ఉత్తరానికి అంటే ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. ఈ రోడ్డు మీద ఎండాకాలమంతా గాలి ఉత్తరం నుంచే వస్తుందనీ, తెలిసినవాళ్ళెవరూ ఇటు తొక్కరనీ, మీ ఆయనకి ఎవరూ చెప్పలేదా అనీ అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సైకిలు చైను వైపు చూస్తున్నారు. ఆయనకి ముందే తెలుసని ఆ చూపులోనే అర్థమైపోయింది.

ఆ తర్వాత వచ్చిన ఎత్తు సగం ఎక్కేసరికి నాలో ఏదో తెగిపోయింది. సైకిలు అలాగే గడ్డిలో పడేసి, రోడ్డు పక్క రాయి మీద కూలబడి, చిన్నపిల్లలా ఏడ్చాను. ఇక నోటికి హద్దు లేదు. తెలిసీ నన్నీ గాలిలోకి ఎందుకు తెచ్చారు, నన్ను వదిలించుకోవాలంటే నోరు తెరిచి చెప్పొచ్చు కదా, చచ్చీ చెడీ తొక్కించడమెందుకు, ఇంటికి చేరగానే మా నాన్నకి ఫోన్ చేస్తున్నాను, నా దారిన నన్ను పోనివ్వండి అని గాలికి వినపడదేమోనని అరిచి మరీ చెప్పాను. కొన్ని నెలల మాటలు ఒక్కసారే వచ్చాయి.

ఆయన తన సైకిలు కొండకి ఆనించారు. తర్వాత వచ్చి నా పక్కన కింద కూర్చుని, నా మొహం చూడకుండా, నిన్న గురువారం కదా అన్నారు. నాకేమీ బోధపడలేదు. గురువారం దక్షిణం వారశూల, అటు ప్రయాణం కూడదంటారు, అన్నారు సిగ్గుపడుతూ. వాళ్ళ నాన్న ఒక గురువారం పొద్దున, వాళ్ళమ్మ వద్దు వద్దన్నా వినకుండా, సైకిలు మీద దక్షిణంగా ఉన్న ఊరికి పనిమీద వెళ్ళారట. దారిలో వాగు పొంగింది. సైకిలు దొరికింది, మనిషి దొరకలేదు. మామగారు పోయారని తెలుసు గానీ ఎలా పోయారో నాకెవరూ చెప్పలేదు. అవన్నీ నమ్మను, శూల వల్ల వాగు పొంగదని నాకు తెలీదా, నేనొక్కణ్ణే అయితే ఏ రోజైనా ఎటైనా పోయేవాణ్ణి, అని ఆగి, “నిన్ను పక్కన పెట్టుకుని ధైర్యం చాల్లేదు” అన్నారు.

అదీ సంగతి. ఊరందరినీ వెక్కిరించే మనిషి, నా కోసం పంచాంగానికి భయపడి, ఆ మాట పైకి చెప్పుకోలేక, ఎదురుగాలిలో కొండలు ఎక్కుతున్నాడు! ఏడుస్తున్నదాన్ని అలాగే నవ్వేశాను. శుక్రవారం బయలుదేరితే పోయేది కదండీ అన్నాను. ఒకరోజు ఎందుకు ఆగాలో నీకు చెప్పాలి కదా అన్నారు. అయ్యో రాత! మా అమ్మమ్మ అయితే ప్రస్థానం పెట్టేది, ముందు రోజే ఒక బట్టల సంచి ఆ దిక్కున ఉన్న పొరుగింట్లో ఉంచితే ప్రయాణం మంచిరోజునే మొదలైనట్టు లెక్క, ఇక గురువారమైనా పరవాలేదు, నాతో ఒక్క మాట చెప్తే బుధవారమే ఎవరింట్లోనో నా సంచి పడేసేదాన్ని, గాలి వాలున హాయిగా పోయేవాళ్ళం అని దులిపేశాను. ఊఁ అన్నారు. మొట్టమొదటిసారి ఆ ఊఁ నాకు ముద్దొచ్చింది.

అక్కణ్ణుంచి ఆయన ముందు తొక్కారు, నేను వెనకాలే చక్రానికి చక్రం ఆనేంత దగ్గరగా. ఆయన వీపు చాటున గాలి సగానికి సగం తగ్గిపోయేది. మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి ఉన్నానా లేదా అని చూసుకునేవారు. ఆ చూపుల మీదే మా ఇల్లు చేరాం, నాన్నకి ఫోన్ చేశాను కూడా, సైకిలు యాత్ర బ్రహ్మాండంగా జరిగిందని చెప్పడానికి.

ఇప్పుడు ఎవరికీ దిక్కులతో పని లేదు. ఫోను కుడికి తిరగమంటుంది, ఎడమకి తిరగమంటుంది, పిల్లలు తిరుగుతారు. సూర్యుడు ఎటున్నాడో, గాలి ఎటు నుంచి వస్తోందో తెలియకుండానే చేరిపోతారు, నిక్షేపంగా చేరుతున్నారు కూడా, తప్పుపట్టడానికేం లేదు. కాకపోతే మనం ఎటు పోతున్నామోనని మన వెనక ఒక మనిషి బెంగపడడం మాత్రం ఆ ఫోనులో ఉండదు కదా అనిపిస్తుంది.

ఇంతవరకూ రాసి, మంచినీళ్ళకని లేచి చూస్తే హాల్లో నా హాస్పిటల్ బ్యాగ్ లేదు. కిటికీలోంచి చూద్దును కదా, తలకి ఉన్ని టోపీ, కాళ్ళకి మంచు బూట్లు, డెబ్బై దాటిన మా వారు ఒక చేత్తో నా బ్యాగ్ మోసుకుంటూ, ఇంకో చేత్తో కంచె పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ పక్కింటికి వెళ్తున్నారు. మాకు దక్షిణం వైపు ఇల్లు. ఒంటరిగా ఉండే అమెరికన్ పెద్దావిడ తలుపు తీసి, ఈయన చేతులు తిప్పుతూ ఏదేదో చెప్తుంటే తల ఊపుతూ బ్యాగ్ లోపలికి తీసుకుంది. ఏమని చెప్పారో, ఆవిడకి ఏమర్థమైందో ఆ దేవుడికే తెలియాలి. ఈ రోజు బుధవారం. ఆ కొండ మీద దులిపేస్తూ అన్న ప్రస్థానం మాట ఇన్నేళ్ళు దాచుకున్నారని నాకు తెలియనే తెలియదు.

తిరిగొచ్చి, బూట్ల మంచు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు కాఫీ ఇస్తావా అన్నారు. నేనూ బ్యాగ్ ఊసెత్తలేదు. కాఫీ ఇచ్చి, బయట గాలెలా ఉందండీ అని మాత్రం అడిగాను.

“ఎదురుగాలే. రేపు కార్లో ముందు నేను కూర్చుంటాను, నువ్వు నా వెనక కూర్చో” అన్నారు.