కుందేలుకు పసుపునీళ్లు

ఆసుపత్రి నుంచి వచ్చినవారు ఒళ్లు శుభ్రం చేసుకున్నాకే గుమ్మం దాటాలన్నది మా అత్తగారి నియమం. మామగారి రైల్వే ఉద్యోగం వల్ల ఆమె జీవితమంతా జంషెడ్‌పూర్‌లోనే గడిచినా ఆ నియమం సడలలేదు. అది కుందేళ్లకూ వర్తిస్తుందని మాత్రం నేను ఊహించలేదు.

మా ఇంట్లో రెండు ఆడ కుందేళ్లున్నాయి. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. జుగ్సలాయి బజారులో కొన్ననాటి నుంచి ఒకే గోనెపట్టా మీద, ఒకదాని మెడపై మరొకటి తల ఆన్చి పడుకునేవి. పళ్లు పెరిగిపోయి తెల్లది గడ్డి నమలలేకపోవడంతో, ఒక శనివారం బిష్టుపూర్‌లోని పశువైద్యుని వద్ద కత్తిరింపించి తెచ్చాను. అత్తగారు గుమ్మంలోనే బుట్ట అందుకున్నారు. పసుపునీళ్లలో ముంచిన గుడ్డతో దాన్ని ముక్కు నుంచి తోక దాకా తుడిచి గూట్లో వదిలారు.

బూడిదది దగ్గరకు వచ్చి వాసన చూసింది. మరుక్షణం మీదపడి చెవి కొరికింది. నేను విడదీసేలోగా గూడంతా తెల్లటి బొచ్చు రేగింది.

"మామ్మా, యే క్యా కర్ దియా?" ఇదేం చేశావని మా అమ్మాయి హిందీలో అరిచింది.

"నానేటి సేసేనే? ఆసుపత్రి మైల తుడిసేను. సిన్నప్పుడు నిన్నూ అలాగే తుడిసేను, నువ్వెవల్నైనా కరిసీసేవా?"

వరండాలో వాటికి నడుమ వలతడిక పెట్టాను. తడిక పెట్టడమే తప్ప రెండో గూటికి చోటు లేదు. అత్తగారు తేల్చేశారు: "ఇలాగైతే సంపేసుకుంటాయి. వచ్చే ఆదివారం పర్సుడీహ్ నుంచి మా సెల్లి వత్తంది, తెల్లదాన్ని అట్టుకెల్లిపొమ్మంటాను." అమ్మాయి కంచం ముందు నుంచి లేచిపోయింది.

వాసన మారితే తోటికుందేలును కూడా పరాయిదనుకుంటుందని వైద్యుడు ఫోన్‌లో చెప్పాడు. గోనెపట్టాలు మార్చి చూడమన్నాడు. రెండూ ఎన్నడూ అడుగుపెట్టని చోట కలపమన్నాడు. పట్టాలు మార్చాను, బూడిదది తెల్లదాని పట్టామీద మూత్రం పోసింది. ఆ వారమంతా డైరీలో ప్రతి తేదీ కింద ఒకే మాట రాశాను: కలవలేదు. ఆఫీసులో ఎవరు కుర్చీ జరిపినా, బూడిదది కోపంతో వెనుకకాలితో నేల తన్నినట్టే వినిపించేది. కాగితాల మీద చూపు నిలిచేది కాదు.

శనివారం సాయంత్రం రెండింటినీ స్నానాలగదిలో వదలబోతుంటే అత్తగారు పసుపుగిన్నెతో వచ్చారు.

"బూడిదదాన్ని ఇలా తే. ఒకదానికి సేసి రెండోదానికి సెయ్యకపోతే కోపం రాదేటి?"

"అత్తయ్యా, కోపం కాదండీ, వాసన..."

"ఏదో ఒకటి. తే ముందు."

రెండింటినీ తుడిచారు. కొట్టుకుంటే అడ్డం వేయడానికి తువ్వాలు పట్టుకొని నేను నడుమ కూర్చున్నాను. బూడిదది ముందుకు వచ్చింది, ఆగింది, నేల తన్నింది. నేను తువ్వాలు ఎత్తాను. అది మెల్లగా తల వంచి తెల్లదాని గడ్డం కిందికి దూర్చింది. చాలాసేపటికి తెల్లది దాని నుదురు నాకింది.

గుమ్మంలో అత్తగారు ఫోన్ చెవికి ఆనించుకున్నారు. "ఒలే సెల్లీ, రేపు రా గానీ బుట్ట అట్టుకురాకు."

అది విన్నాక కూడా తువ్వాలు కింద పెట్టలేకపోయాను.